సగం సీజన్‌లో చూడవలసింది పాయింట్లేనా?



ఈ మధ్య సెలవులకు ఇండ్లకు పోతూ మేము ముగ్గురం ఆళ్ళగడ్డ బస్టాండులో దిగి, పాత అలవాటు కొద్దీ హాస్టల్ వైపు నడిచాము. స్టడీ అవర్‌కు ఇంకా గంట టైముంది. వెనక ఖాళీ స్థలంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. రెండు పక్కలా రెండేసి ఇటుకలు పెట్టుకున్నారు, అవే గోల్ పోస్టులు. బంతిలో గాలి సగం పోయింది. మేము కూడా ప్యాంట్లు పైకి మడిచి కాసేపు ఆడాము. ఆట అయ్యాక కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఉంటే ఎనిమిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు.

"అన్నా, మన హైదరాబాద్ టీము ఇప్పుడు ఎన్నో ప్లేసులో ఉంది?"

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. "ఆ టీము ఇప్పుడు లేదు రా" అన్నాము.

"యాడికి పోయింది?"

"ఢిల్లీకి."

"ఓడిపోయినందుకా అన్నా?"

వాడి ఆ చివరి ప్రశ్నకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాము. స్టడీ బెల్లు కొట్టారు, వాడు పుస్తకాలు తీసుకొని పరుగెత్తాడు. ఇంటికి పోయేదాకా మేము ముగ్గురం దాని గురించే మాట్లాడుకున్నాము. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఆ తమ్ముడికి బాకీపడిన జవాబే రాయాలనిపించింది. వాడి ఒక్కడికే కాదు, ఆట చూసే ప్రతివారికీ, ఆటగాడి మీద తీర్పు చెప్పే ప్రతివారికీ ఈ మాట చెప్పాలి.

ఏ లీగ్ అయినా సగానికి రాగానే పత్రికల్లో పాయింట్ల పట్టిక వేస్తారు. ఈ జట్టు బాగుంది, ఆ జట్టు పని అయిపోయింది, ఈ కోచ్‌ను తీసేయాలి అని రాస్తారు. అది మన హాఫ్ ఇయర్లీ పరీక్షల ప్రోగ్రెస్ కార్డు లాంటిది. మా ముగ్గురి ఇండ్లలోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. మా కార్డుల మీద మా నాయనలు సంతకానికి బదులు వేలిముద్రలు వేశారు. ఆ కార్డులో లెక్కలు ముప్పై ఎనిమిది, ఇంగ్లీషు నలభై రెండు అని ఉండేది. ఆ ముప్పై ఎనిమిది తెచ్చుకున్న పిల్లవాడు ఆ నెలలో ఎన్ని రోజులు జ్వరంతో పడుకున్నాడో, వాడికి పుస్తకాలు ఎప్పుడు అందాయో మాత్రం ఎక్కడా ఉండేది కాదు. పాయింట్ల పట్టిక కూడా అంతే. ఎవరు ఎక్కడ ఉన్నారో చెబుతుంది. ఎందుకు అక్కడ ఉన్నారో చెప్పదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ కథే దీనికి సాక్ష్యం.

ఆ క్లబ్ 2019 ఆగస్టులో పుట్టింది. పుట్టింది అనడం కంటే వచ్చింది అనడమే సరి. పుణె నగరం పేరున ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడుతున్న జట్టు మూతపడితే, ఆ స్థానంలో హైదరాబాద్ పేరున ఈ జట్టు వచ్చింది. మొదటి సీజన్ సగం దాటేసరికి, అంటే 2020 జనవరికి, 12 ఆటల్లో 5 పాయింట్లు. పట్టికలో అందరికంటే అడుగున. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తప్పించారు. సీజన్ ముగిసేసరికి 18 ఆటల్లో 10 పాయింట్లు. అప్పుడూ అట్టడుగే. ఆ కార్డు చూసి ఎవరైనా ఏమంటారు? ఈ పిల్లవాడికి చదువు అబ్బదు, ఇంటికి తీసుకుపోండి అంటారు.

కానీ తర్వాత ఏం జరిగింది? స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. మూడు సీజన్లు ఆయనే ఉన్నాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి పేరు లేని కుర్రాళ్ళను నమ్మి ఆడించాడు. 2020-21లో జట్టు అయిదో స్థానానికి వచ్చింది. 2021-22లో లీగ్ దశలో 38 పాయింట్లతో రెండో స్థానం. ఆ ఏడాది బార్తొలోమ్యు ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. చివరకు కప్పు కూడా గెలిచారు. రెండేళ్ళ కిందట సగం సీజన్‌లో అడుగున ఉన్న జట్టు దేశానికే ఛాంపియన్ అయింది.

ఆ ఫైనల్ రోజు మాకు నిన్న మొన్నటిలా గుర్తుంది. 2022 మార్చి 20, ఆదివారం. అప్పటికి మేము నంద్యాలలో కాలేజీ హాస్టల్‌లో ఉన్నాము, డిగ్రీ రెండో సంవత్సరం. పదిహేను మందికి ఒకటే ఫోను. దాన్ని ట్రంకు పెట్టె మీద ప్లేటుకు ఆనించి పెట్టి, చుట్టూ నాపరాళ్ళ మీద కూర్చున్నాము. గోవాలోని ఫతోర్డా స్టేడియంలో ఆట. కేరళ బ్లాస్టర్స్ 68వ నిమిషంలో గోల్ కొట్టింది. సరిగ్గా అప్పుడే ఫోనులో ఆ రోజు డేటా అయిపోయింది. ఇంకొకడి ఫోనులో హాట్‌స్పాట్ పెట్టుకొని మళ్ళీ చూసేసరికి 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. తర్వాత పెనాల్టీలు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1. మేము వేసిన కేకలకు పక్క వీధి కుక్కలు కూడా లేచాయి, వాచ్‌మన్ తాత కర్ర పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. సరిగ్గా పదిహేను రోజులకు, ఏప్రిల్ 4న, నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఆ రెండు సంతోషాలూ మాకు ఒకే పండగలా కలిసిపోయాయి. మనం కూడా పటంలో ఉన్నాం అనిపించింది.

మరుసటి సీజన్ 2022-23లోనూ 42 పాయింట్లతో రెండో స్థానం. సెమీఫైనల్లో పెనాల్టీలలో పోయింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మనోలో వెళ్ళిపోయాడు. దాంతో పాటు ఇంకొకటి కూడా పోయింది, నెల నెలా జీతం.

2023-24 సగం సీజన్ వద్ద, అంటే 2024 జనవరిలో ఆసియా కప్ కోసం లీగ్ ఆగినప్పుడు, పట్టిక తీసి చూస్తే హైదరాబాద్ మళ్ళీ అట్టడుగున ఉంది. అప్పటికి ఒక్క ఆట కూడా గెలవలేదు. కాలేజీలో మిత్రులు మమ్మల్ని ఎగతాళి చేశారు. "మీ టీము సాంబారు కంటే పలుచన" అన్నారు. మేము కూడా సిగ్గుపడ్డాము. అయితే పత్రికల్లో ఆటల పేజీలో మిగతా వార్త చదివినప్పుడు ఆ సిగ్గు వేరే రకంగా మారింది. ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు బకాయి. బకాయిలు తీర్చనందున కొత్త ఆటగాళ్ళను చేర్చుకోకుండా క్లబ్ మీద నిషేధం. విదేశీ ఆటగాళ్ళు ఒక్కరు తప్ప అందరూ వెళ్ళిపోయారు. మిగిలిన ఆ ఒక్కడు బ్రెజిల్ దేశస్థుడు జాఒ విక్టర్. పేరున్న మన దేశపు ఆటగాళ్ళలో కూడా చాలామంది వేరే జట్లకు పోయారు. మిగిలింది కుర్రాళ్ళు. థాంగ్‌బోయ్ సింగ్‌టో అనే మణిపూర్ కోచ్ వాళ్ళను కూడగట్టుకొని ప్రతి వారమూ మైదానంలోకి దిగాడు.

ఇప్పుడు రెండు ప్రోగ్రెస్ కార్డులు పక్క పక్కన పెట్టి చూడండి. 2020 జనవరి, అట్టడుగు. 2024 జనవరి, అట్టడుగు. పట్టికలో రెండూ ఒకటే వరుస. కానీ మొదటిసారి జట్టు ఆటలో వెనకబడింది. దానికి మందు ఉంది: ఓపిక, మంచి కోచ్, కుర్రాళ్ళ మీద నమ్మకం. రెండోసారి జట్టు కింద నేలే కదిలిపోయింది. దానికి ఎంత మంచి కోచ్ అయినా ఏం చేస్తాడు? మన ఆళ్ళగడ్డ శిల్పుల షెడ్ల ముందు ఎప్పుడూ సగం చెక్కిన విగ్రహాలు వరుసగా ఉంటాయి. సగం చెక్కిన రాయిని చూసి ఇది బాగాలేదు అని ఎవరూ అనరు. రాయిలో పగులుందా లేదా అని మాత్రం చూస్తారు. పగులుంటే ఎంత చెక్కినా నిలవదు. మనం ఆటలో ఆ పగులును చూడడం నేర్చుకోలేదు.

ఈ జీతాల మాట చదివినప్పుడు మాకు మా హాస్టలే గుర్తొచ్చింది. ఒక ఏడాది మెస్ బిల్లులు కొన్ని నెలలు రాలేదు. ఎవరివల్ల ఆలస్యమైందో ఇక్కడ అప్రస్తుతం. కిరాణా కొట్టు ఆయన అప్పు ఇవ్వడం ఆపేశాడు. కూర పలుచబడింది, పొద్దున ఉప్మాలో ఉల్లిగడ్డ మాయమైంది. అదే కాలంలో మా కుక్ అక్కకు కూడా జీతం రాలేదు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఆమెకు ఇద్దరు పిల్లలు. మేము తినే అన్నం ఆమె వండుతున్నది కాబట్టి ఆమె ఇంట్లో ఏం వండుకుంటున్నదో మాకెప్పుడూ ఆలోచన రాలేదు. ఒక రోజు అన్నం కొంచెం మాడింది. మాలో ఒకడు ప్లేటు పక్కకు తోసి "ఇదేం వంటక్కా" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో చేతులు తుడుచుకొని "రేపు బాగా చేస్తాలే నాయనా" అంది. సాయంత్రం కమాటి అన్న చెప్పాడు, ఆమెకు మూడు నెలలుగా జీతం లేదని, పొద్దున బస్సుకు డబ్బులు లేక నడిచి వచ్చిందని.

ఆ ప్లేటు తోసినవాడు కూడా ఈ వ్యాసం రాస్తున్న మాలో ఒకడే. పేరు చెప్పుకోవడానికి వాడికి ఇప్పటికీ ముఖం లేదు. మర్నాడు పోయి క్షమించమని అడిగితే ఆమె నవ్వి ఇంకో గరిటె పప్పు వేసింది. ఆ ఏడాది మా హాస్టల్‌కు పాయింట్లు వేస్తే మెస్ బాగాలేదు అని సున్నా వేసేవారు. ఆమె నడిచి వచ్చిన దూరానికి ఎన్ని పాయింట్లు వేయాలి?

అందుకే 2024 మార్చిలో హైదరాబాద్ కుర్రాళ్ళు చెన్నై వెళ్ళి, చెన్నైయిన్ జట్టును వాళ్ళ ఊళ్ళోనే 1-0తో ఓడించినప్పుడు మేము ఎగిరి గంతేయలేదు. కొంచెం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సీజన్ మొత్తానికి వాళ్ళ గెలుపు అదొక్కటే. 22 ఆటలు, ఒక గెలుపు, 8 పాయింట్లు. లెక్కల ప్రకారం లీగ్‌లో అందరికంటే పనికిరాని జట్టు. మా దృష్టిలో మాత్రం 2022 కప్పు కంటే ఆ ఒక్క గెలుపు తక్కువది కాదు.

తర్వాత యాజమాన్యం మారింది. 2024-25లో హడావుడిగా జట్టు కట్టి ఆడారు. 13 జట్లలో 12వ స్థానం, 18 పాయింట్లు. 2025 అక్టోబరులో క్లబ్‌ను ఢిల్లీకి తరలించి పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని మార్చారు. లీగే ఆలస్యమై 2026 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు 14 జట్ల జాబితాలో హైదరాబాద్ అనే మాట లేదు. తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇది. ఓడిపోయినందుకు పోలేదు. ఆడేవాళ్ళకు కూడు పెట్టే ఏర్పాటు లేక పోయింది. ఇంకొక కారణం కూడా ఉంది, అందులో మన వాటా ఉంది.

పుణె నుండి వచ్చిన జట్టు ఢిల్లీకి పోయింది. ఇంత సులువుగా ఎందుకు పోగలిగింది? వేళ్ళు దిగని చెట్టు కాబట్టి. 2022 ఫైనల్లో సమం చేసిన తవోరా గోవా కుర్రాడు. చివరి పెనాల్టీ కొట్టి గెలిపించిన హాలిచరణ్ నర్జరీ అస్సాంలోని కోక్రఝార్ ప్రాంతం వాడు. వాళ్ళు మనకోసం చెమటోడ్చారు, వాళ్ళకు మా వందనాలు. కానీ ఆ రోజు ఆడినవారి పేర్లలో మన పల్లెల కుర్రాడి పేరు కోసం వెతికాము, దొరకలేదు. వాళ్ళు ఆడుకున్న సొంత మైదానం పేరేమిటో తెలుసా? గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. గోదావరి పల్లె నుండి పోయి లోక్‌సభ స్పీకర్ పీఠమెక్కిన మొదటి దళితుడి పేరున్న మైదానం అది. ఆ పేరున్న మైదానంలో మన హాస్టల్ పిల్లలు ఆడడం ఎప్పుడు చూస్తాం అని మేము అప్పట్లో అనుకునేవాళ్ళం. చూడకముందే జట్టు పోయింది.

ఒకప్పుడు ఇలా లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాంను వెతికి పట్టుకున్నది కూడా ఆయనే. ఆ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. ఆ పోలీసు జట్టు గురించి చదివినప్పుడు మాకు కప్పుల కంటే ముఖ్యంగా తోచింది ఒకటి. అది పోలీసు శాఖ జట్టు. ఆటగాడికి ఉద్యోగం ఉంది, నెల తిరిగేసరికి జీతం ఉంది. ఓడినా గెలిచినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పొయ్యి వెలిగే ఇంటి నుండి వచ్చినవాడు కాబట్టే నిశ్చింతగా ఆడాడు. జట్టు కుర్రాళ్ళు ఆ ఊరివాళ్ళే, ఆ గల్లీలవాళ్ళే. దాన్ని ఎవరు ఏ ఊరికి తరలించుకుపోగలరు?

ఇప్పుడైనా దారి లేకపోలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ జట్టుకు ఆడింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా నిలిచింది. తండాలో ఆమెకు మొదట దొరికింది స్టేడియం కాదు, నేర్పే ఒక మనిషి, ఒక అకాడమీ. మన పక్కన అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడా గ్రామంలో పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నారు. శ్రీనిధి డెక్కన్ అనే హైదరాబాద్ జట్టు ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానం పొందింది. అంటే ఆట మనకు రాదన్న మాట అబద్ధం.

ఇక్కడ పెద్దలు ఒక మాట అడుగుతారు, మా అమ్మలు కూడా అడిగారు: "ఆట అన్నం పెడుతుందా నాయనా? చదువుకోమని కదా హాస్టల్లో వేసింది?" ఈ ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. ఎండలో పత్తి ఏరి, మిరప కోసి, మమ్మల్ని ఇక్కడికి పంపినవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. పెద్ద క్లబ్‌లో ఆడినవాళ్ళకే నెలల తరబడి జీతాలు అందకపోతే, ఆట అన్నం పెడుతుంది తల్లీ అని మేము ఏ ముఖంతో చెప్పాలి? కాబట్టి అలా చెప్పము. క్రీడా కోటా ఉంది, 2025 మెగా డీఎస్సీలో కూడా ఆ కోటా కింద ఉపాధ్యాయ పోస్టులు ఇచ్చారు. అయినా అవి కొందరికే. చదువు వదిలేసి ఆట పట్టుకోమని మేము ఏ తమ్ముడికీ చెప్పము. మేము చెప్పేది వేరు. ఎవరైనా ఏ పనికైనా నిన్ను పిలిస్తే, అది ఫుట్‌బాల్ కానీ, కంపెనీ కానీ, కాలేజీలో గెస్టు ఫ్యాకల్టీ కానీ, "పైకొస్తావు, పేరొస్తుంది" అన్న మాటకు ముందు "నెల నెలా జీతం ఇస్తారా?" అని అడగడం నేర్చుకో. అది అడగడానికి సిగ్గుపడకు. ఆటలు చూసి మేము నేర్చుకున్న చదువు ఇది.

ఆట చదువును చెడగొడుతుంది అనే మాట మాత్రం మేము ఒప్పుకోము. మా అనుభవం చెబుతాము. సాయంత్రం గంట ఆడిన రోజు స్టడీ అవర్‌లో నిద్ర వచ్చేది కాదు. కొత్తగా చేరిన పిల్లలు అమ్మ గుర్తొచ్చి ఏడ్చేది ఆదివారం సాయంత్రాల్లోనే. బంతి ఉన్న ఆదివారం ఏడుపు తక్కువ. నంద్యాల నల్ల రేగడిలో వాన పడితే బంతి కదలదు, ఎండకు నెర్రెలు వస్తే కాలు మడత పడుతుంది. అయినా ఆడాము. ఎవడు ఏ ఊరు, ఎవడి కులమేది, ఎవడికి ఎన్ని మార్కులు అన్నది ఆ గంటసేపు ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇక ఊరికే వ్యాసం రాసి ఊరుకుంటే లాభం లేదు. పూర్వ విద్యార్థుల ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాము. నంద్యాల, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల, బనగానపల్లె, డోన్, ఆత్మకూరు. ఈ ఆరు ఊళ్ళ హాస్టళ్ళకు ఆరు జట్లు. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో రెండుసార్లు, ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో ఆడుతుంది. ఒక్కో జట్టుకు పది ఆటలు, మొత్తం ముప్పై. ఆదివారానికి మూడు ఆటల చొప్పున పది ఆదివారాల్లో అయిపోతుంది, పరీక్షలకు అడ్డం రాదు. అయిదు ఆదివారాలు గడిచాక మనకూ ఒక సగం సీజన్ వస్తుంది. బాలికల హాస్టళ్ళకు ఇదే పద్ధతిలో వేరే పోటీ పెట్టాలి. చెల్లెళ్ళను చప్పట్లు కొట్టడానికి మాత్రమే కూర్చోబెడితే సౌమ్య లాంటివారు మనలో నుండి ఎలా వస్తారు?

దీనికి కావలసింది కోట్లు కాదు. హాస్టల్‌కు రెండు బంతులు, ఒక పంపు, పిల్లలకు బస్సు ఛార్జీలు, ఆట రోజు అరటిపళ్ళు. మహానంది అరటి మనకు దూరమా? ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు నెలకు వంద రూపాయలు పక్కన పెడితే చాలు. మేము ఇంకా స్కాలర్‌షిప్ మీద చదువుతున్నవాళ్ళమే. అయినా ముగ్గురం కలిసి మొదటి రెండు బంతులు కొంటామని ఈ సంచికలో రాసి ఇస్తున్నాము. రాసిన మాట తప్పితే తమ్ముళ్ళు ఈ పేజీ చూపించి అడగవచ్చు.

ఒక షరతు మాత్రం ఉంది. మన లీగ్ సగానికి వచ్చినప్పుడు నోటీసు బోర్డు మీద పాయింట్ల పట్టిక పెడతారు కదా. అందులో ఆడినవి, గెలిచినవి, ఓడినవి, పాయింట్లు అనే గడులతో పాటు ఇంకో రెండు గడులు గీయండి. ఈ నెల మెస్ బిల్లు వచ్చిందా, కుక్ అక్కకు, కమాటి అన్నకు, వాచ్‌మన్ తాతకు జీతం అందిందా అని. ఆ గడులు ఖాళీగా ఉన్న హాస్టల్ జట్టు అట్టడుగున ఉంటే ఎవరూ నవ్వవద్దు. ఆ వారం ఆట సంగతి తర్వాత, ముందు అందరం కలిసి ఆ గడి నింపించడానికి అర్జీ రాద్దాం. అర్జీ రాయడం మాకు బాగా వచ్చు, డిగ్రీ చదివింది అందుకే.

ఆళ్ళగడ్డ తమ్ముడూ, వచ్చే సెలవులకు బంతి తెస్తాము. ఇటుకలు తీసేసి కట్టెలతోనైనా గోల్ పోస్టులు నిలబెట్టి ఉంచు.

— మీ అన్నలు,
ముగ్గురు పూర్వ విద్యార్థుల తరఫున ఒక ఎం.ఏ. విద్యార్థి